ఊటలో కూర్చున్న ఆఫీసు

నల్లగండ్ల,
21 అక్టోబరు 2024

రత్నమాల అత్తయ్యకు ఉమ నమస్కారాలు.

ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజి పెడదామంటే మీ కొండ మీద సిగ్నలు నీళ్ళ ట్యాంకు ఎక్కితే తప్ప దొరకదు. అందుకని ఉత్తరం. చేత్తో రాసి ఎన్నేళ్ళయిందో, ఈ నాలుగు వాక్యాలకే వేళ్ళు పట్టేశాయి.

అందుకని మిగతాది ఆఫీసులో టైపు చేసి ప్రింటు తీశాను. పోస్టుమాస్టరుగా రిటైరైన మనిషివి, ప్రింటు తీసినదాన్ని ఉత్తరం అనవని తెలుసు. ఈ ఒక్కసారికి అనేసుకో.

నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీ హెచ్ఆర్‌లో ఉన్నానని నీకు తెలుసు. ఆ పని ఏమిటన్నది మాత్రం నాన్నకు ఇంతవరకు అర్థం కాలేదు. "మనుషుల్ని చేర్చుకుంటావు, తర్వాత పంపించేస్తావు, మధ్యలో పుట్టినరోజు కేకు కోయిస్తావు, అంతేనా?" అంటాడు. నిజం చెప్పాలంటే అంతే.

ఇప్పుడు మా ఆఫీసులో ఒక పుకారు తిరుగుతోంది, కొంతమందిని తీసేస్తారని. లిఫ్టులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడో మనిషి ఎక్కగానే వర్షం గురించి మొదలుపెడుతున్నారు. మా పెద్దాయన శేఖర్ గారు నన్ను పిలిచి, "జనం టెన్షన్‌లో ఉన్నారు ఉమాశ్రీ, ఎక్కడికైనా తీసుకెళ్ళి తేలికపరచాలి. ఇది బాగా జరిగితే నీ కుర్చీకి ఢోకా లేదు" అన్నారు. బాగా జరక్కపోతే ఏమిటో చెప్పలేదు. ఆ ఖాళీ నేనే పూరించుకున్నాను, రెండు రోజులుగా నిద్ర లేదు.

గోవా అయింది, అక్కడ ఇద్దరు కొట్టుకున్నారు. వికారాబాదు రిసార్టుకు ఇప్పటికే నాలుగుసార్లు వెళ్ళారు, అక్కడి కుక్కలు మావాళ్ళను పేర్లతో గుర్తుపడతాయి. అప్పుడు నాకు మీ ఊట తట్టింది. చిన్నప్పుడు సెలవలకొస్తే నన్ను తీసుకెళ్ళావు కదా. మీటింగులో "మా మేనత్త ఊళ్ళో హాట్ స్ప్రింగ్ ఉంది" అనేశాను. శేఖర్ గారి కళ్ళు మెరిశాయి. సాయంత్రానికల్లా దానికి లోగో కూడా తయారైంది, పొగలు కక్కే కొండ బొమ్మతో. నాకు పొగలు కక్కినట్టే గుర్తు. కక్కేవి కదా అత్తయ్యా?

మా ఉద్దేశం చెప్తాను. పెద్దా చిన్నా తేడా లేకుండా అందరం కలిసి ఆ నీళ్ళలో కూర్చోవాలి. మనసులు విప్పి మాట్లాడుకోవాలి. ఒకరి మీద ఒకరికి నమ్మకం కలగాలి. నవంబరు 23, శనివారం పొద్దున్నకల్లా బస్సులో దిగుతాం. పాతికమందికి బస, భోజనం చూడగలవా?

లావణ్య కూడా వస్తోంది. మా అపార్ట్‌మెంటులోనే ఉంటుంది, ఇద్దరం ఒకే క్యాబులో ఆఫీసుకు వెళ్తాం. మా చిన్నుకు బళ్ళో జ్వరమొచ్చి నేను మీటింగులో ఇరుక్కుపోయినప్పుడు, తన పని వదిలేసి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది తనే. నీకు నచ్చుతుంది.

నీ
ఉమ

---

ఊటమెట్ట,
29 అక్టోబరు 2024

ఉమకు అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం అందింది. పైన కాస్త నువ్వు రాశావు, కింద యంత్రం రాసింది. ఇద్దరికీ కలిపి జవాబిస్తున్నాను. ముందు నీళ్ళ సంగతి. మా ఊట వేడిగా ఉండదు. ఎప్పుడూ లేదు. గోరువెచ్చన. పసిపిల్లకు నీళ్ళు కలిపి పెట్టి, వీధిలో ఎవరో పిలిస్తే వెళ్ళి వచ్చేసరికి బకెట్‌లో ఎలా ఉంటాయో అలా ఉంటాయి. నువ్వు చూసిన పొగ, పొగ కాదు, మంచు. ఆ రోజు చలికి నీ పళ్ళు టకటకలాడాయి, నీకు ఏ నీళ్ళయినా వేడిగానే తోచేవి.

ఏటా కార్లలో ఎవరో ఒకరొస్తారు. వేలు ముంచి చూసి "ఇంతేనా" అంటారు. వేరుశనగ తొక్కలు గట్టున పోసి వెళ్ళిపోతారు. ఊరివాళ్ళు మొదట్లో నొచ్చుకునేవారు, ఇప్పుడు తొక్కలు ఊడ్చుకుంటున్నారు.

అసలు ఆ ఊట మాకెందుకో నీకు అప్పుడు చెప్పలేదు, పిల్లలకు చెప్పే సంగతి కాదు. ఇక్కడ తగాదా పడ్డవాళ్ళను అందులో కూర్చోబెడతారు. మెడలోతు నీళ్ళలో, రెండు పక్షాలనూ కలిపి. గట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని అందరినీ ఒకటే అడుగుతుంది, "నీ పక్కనున్న మనిషి దగ్గర ఏం దాచావు?" అని. అధికారం ఉన్నవాళ్ళు ముందు చెప్పాలి. అందరి వంతూ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. నీళ్ళలో ఉండగా అబద్ధం చెప్పకూడదు. నీళ్ళు వేడిగా ఉంటే నిజం బయటికి రాకముందే మనిషి బయటికొచ్చేస్తాడు. చల్లగా ఉన్నా అంతే. గోరువెచ్చగా ఉంటే లేచి పోవడానికి సాకు దొరకదు. కూర్చుని కూర్చుని ఇంక ఏమీ తోచక నిజం చెప్పేస్తారు.

పోయిన వేసవిలో కాఫీ తోట గట్టు కోసం కొట్టుకుంటున్న అన్నదమ్ములను దించాం. చూడబోతే గట్టు కాదు గొడవ. తల్లి పోయినప్పుడు అన్న కబురు ఆలస్యంగా పంపాడట, తమ్ముడు చివరి చూపుకు అందుకోలేదు. గట్టు ఎవరిదన్నది ఇప్పుడు వాళ్ళిద్దరికీ గుర్తు కూడా లేదు.

పాతావిడ పోయాక గట్టు మీద నన్నే కూర్చోబెడుతున్నారు. చెవిటిది కనుక విన్నది ఎక్కడా మోయదని వాళ్ళ ధీమా. పెదాలు కదిలితే మాట తెలిసిపోతుందని నేనూ వాళ్ళకు చెప్పలేదు. నేను నీళ్ళలో దిగను కనుక నన్ను ఎవరూ అడగరు.

ఒకరిద్దరు ఊరికే స్నానానికి వెళ్తారు గానీ, గుంపుగా వెళ్ళేది ఇందుకోసమే. మీరు గుంపుగా వస్తామంటున్నారు, మనసు విప్పుతామంటున్నారు, పెద్దా చిన్నా లేదంటున్నారు. అంటే తగాదా గట్టిదే. ఇరుపక్షాలూ ఒప్పుకునే వస్తున్నారా? అది నాకు ముందే తెలియాలి. మభ్యపెట్టి దించడం మా ఊళ్ళో లేదు.

బడి హాస్టల్లో ఖాళీ గదులిస్తామన్నారు. భోజనంలో చింతపండు పడనివాళ్ళెవరైనా ఉంటే రాయి. అన్నయ్యను కళ్ళజోడు మార్చుకోమను, పోయినసారి నా పేరు బదులు మా ఇంటి యజమాని పేరు రాశాడు కవరు మీద.

అత్తయ్య

---

నల్లగండ్ల,
6 నవంబరు 2024

అత్తయ్యా,

నీ ఉత్తరం క్యాబులో ఒక కాల్ మధ్యలో చదివాను. మా దగ్గర ఏది పొడుగ్గా ఉన్నా పై పేరా, కింది పేరా చూసి మధ్యలోది అర్థమైపోయినట్టు తలూపుతాం. పదేళ్ళ అలవాటు, నువ్వేమీ అనుకోకు. గోరువెచ్చన అన్న మాట దగ్గరే ఆగిపోయాను, ఆ తర్వాత ఏదీ ఎక్కలేదు. చింతపండు అందరికీ పడుతుంది. ఇరుపక్షాల మాట కూడా కంటపడింది. మేనేజ్‌మెంటూ టీమూ ఇద్దరూ ఒప్పుకున్నారు, అందరి దగ్గరా మెయిల్ తీసుకున్నాను.

నీళ్ళు వేడిగా ఉండవన్న సంగతి శేఖర్ గారికి చెప్పేటప్పుడు నేను "కొంచెం తక్కువ వేడి" అన్నాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. టీషర్టులు అప్పటికే వచ్చేశాయి, వీపు మీద మంట బొమ్మతో. తర్వాత ఈవెంట్ కంపెనీ అబ్బాయిని పిలిపించారు. అతను నీళ్ళు కాచే యంత్రం లారీలో తెస్తానన్నాడు, ఊట ఎన్ని లీటర్లో చెప్పమన్నాడు. "ఊట కదండీ, వస్తూనే ఉంటుంది" అన్నాను. "అయితే ఓ పూట ఆపించండి మేడమ్, వేడి చేసి మళ్ళీ వదులుదాం" అన్నాడు. దయచేసి మీ పంచాయతీ వాళ్ళను అడుగు.

ఇంకొకటి. ఇది తేజకు కూడా చెప్పలేదు, మొగుడే అయినా మా ఆఫీసులో నలుగురు మిత్రులున్న మొగుడు. పుకారు నిజం. జనవరిలో పదకొండు మందిని తీసేస్తున్నారు. శేఖర్ గారు తలుపు మూసి చెప్పారు. వాళ్ళలో లావణ్య ఉంది. అప్పటిదాకా ఎవరికీ తెలియకూడదు. అసలు ఈ ప్రయాణమే అందుకు. మనసులు కుదుటపడితే జనవరిదాకా బుద్ధిగా పని చేసిపెడతారని.

లావణ్య కూతురి బడికి దగ్గరవుతుందని బాచుపల్లిలో ఇల్లు కొనడానికి చూస్తోంది. మొన్న క్యాబులో నన్ను అడిగింది, ఈ పుకారు నిజమేనా అని. నేను ఫోను చూసుకుంటున్నట్టు ఉండిపోయాను. చెప్తే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తను అప్పులో మునుగుతుంది. ఆ మాట శేఖర్ గారి నోటినుంచే వస్తే ఎంత బాగుండునో అనిపిస్తుంది. నా నోటితో మటుకు చెప్పలేను అత్తయ్యా.

నీళ్ళ సంగతి వెంటనే రాయి.

ఉమ

---

ఊటమెట్ట,
14 నవంబరు 2024

ఉమా,

నీ ఉత్తరం చదివి నీ తెలివికి ముచ్చటపడ్డాను. ఇంత ఆలోచన మన ఇంట్లో ఎవరికీ లేదు. ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి, నువ్వు దేనికీ బెంగపెట్టుకోకు.

నీ నోటితో చెప్పలేనిది ఆయన నోటితో చెప్పించాలని ఆయన్ను ఇంతదూరం తెచ్చి ఊటలో కూర్చోబెడుతున్నావు. పైగా ఆయన చేతే ఒప్పుదల రాయించుకున్నావు. మా ఊరి పెద్దలకు ఇదంతా చెప్తే, హైదరాబాదులో కూడా ఇలాంటి ఆడపిల్లలున్నారా అని ఆశ్చర్యపోయారు. తగాదా దేని గురించో మాత్రం చెప్పలేదులే.

కానీ ఒక్క మాట. ఆయన తర్వాత అధికారంలో నువ్వే కదా. ఆయన చెప్పగానే నీ వంతు వస్తుంది. లావణ్య నీ పక్కనే ఉంటుంది. నీళ్ళలో దిగాక లేదు, కాదు అనడానికి ఉండదు. బాగా ఆలోచించుకునే దిగు. దిగనంటే నిన్ను ఎవరూ తప్పుపట్టరు. గట్టు మీద నా పక్కన కూర్చుని కాఫీ ఫ్లాస్కులు చూసుకుందువుగాని, నేనే ఏదో ఒకటి చెప్తాను.

నీళ్ళు కాచే యంత్రం తీసుకురావద్దని ఆ అబ్బాయికి చెప్పు. ఘాట్ రోడ్డు రెండో మలుపు దాటదు. దాటినా దాన్ని ఊటలో దించనివ్వరు.

ఇక్కడ చలి ముదిరింది. అందరినీ స్వెట్టర్లు తెచ్చుకోమను. శనివారం పొద్దున్న ఉప్మాలోకి కొబ్బరి పచ్చడి, మధ్యాహ్నం పనసపొట్టు కూర. నీకిష్టమని చెప్పి చేయిస్తున్నాను.

అత్తయ్య

---

నల్లగండ్ల,
27 నవంబరు 2024

అత్తయ్యకు,

క్షేమంగా చేరాం. బస్సులో పద్నాలుగు గంటలు ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

నీ ఉత్తరం బయల్దేరే ముందు రోజే వచ్చింది. పై పేరాలో నన్ను మెచ్చుకున్నావు, కింది పేరాలో స్వెట్టర్లు తెమ్మన్నావు. స్వెట్టర్లు తెచ్చుకున్నాం. మధ్యలో ఏం రాశావో నిన్న చదివాను. దాంతోపాటు అంతకు ముందుదీ చదివాను. చదివి స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను.

నువ్వు అనుకున్నట్టు నేనేమీ ఎత్తు వేయలేదు. మా వాళ్ళు "మనసు విప్పి" అంటే ఎవరైనా నిజంగా విప్పుతారా అత్తయ్యా? అది మేం ప్రతి మూడు నెలలకూ అంటాం. అన్నాక పిజ్జా తింటాం. ఇంత చదువుకున్నదానివి నీకు ఇది తెలియదా?

నువ్వు గట్టు మీద కూర్చోగానే నాకు ఏదో అనుమానం తగిలింది. ఫోన్లన్నీ ఆ వెదురుబుట్టలో వేయమన్నప్పుడే తగిలింది. కానీ శేఖర్ గారికి తెగ నచ్చేసింది. నువ్వు మేం మాట్లాడుకుని తెచ్చిన శిక్షకురాలివి అనుకున్నారు. "మేడమ్ ఏ సంస్థ నుంచి?" అని అడిగితే నువ్వు "తపాలా శాఖ" అన్నావు. ఆయన అదేదో కొత్త సంస్థ అనుకుని తలూపారు. నీళ్ళు కాచే యంత్రం నువ్వు రాసినట్టే ఘాట్ రోడ్డు రెండో మలుపులోనే ఆగిపోయింది. నీళ్ళలో దిగి అందరూ మొహాలు చూసుకున్నారు, ఇంతేనా అన్నట్టు. టీషర్టుల మీద మంటలు తడిసి అతుక్కున్నాయి.

ఆయన్ను అడిగావు, ఏం దాచావని. ఆయన సిద్ధంగా ఉన్న జవాబు చెప్పారు, "నా లోపం ఏమిటంటే నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అని. మావాళ్ళు చప్పట్లు కొట్టబోయారు. నువ్వేమో "అది దాచింది కాదు నాయనా, చాటింపు" అన్నావు. మళ్ళీ అడిగావు. ఆయన ఇంటర్వ్యూల్లో చెప్పేవన్నీ ఒక్కొక్కటే చెప్పారు. నువ్వు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నావు. నీళ్ళు వేడిగా ఉంటే చెమట పట్టిందని లేచేవాళ్ళం, చల్లగా ఉంటే వణుకని లేచేవాళ్ళం.

మధ్యలో మా బస్సు డ్రైవరు సంతోష్ వచ్చి ఓ మూల దిగాడు. అతన్ని ఎవరూ అడగనే లేదు. తనంతట తానే అన్నాడు, "సార్, ఏసీ ఖరాబ్ గాలే. డీజిల్ మిగుల్తదని నేనే బంద్ వెట్టిన. తప్పయింది, వాపస్ పొయ్యేటప్పుడు జర్రంత పెడ్త." అందరూ పగలబడి నవ్వారు. శేఖర్ గారూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే చెప్పేశారు, "జనవరిలో పదకొండు మందిని తీసేస్తున్నాం. నాకు నెల రోజులుగా అన్నం సహించడం లేదు." చెప్పి రెండు చేతులతో మొహం మీద నీళ్ళు చల్లుకున్నారు.

ఎవరూ లేవలేదు. లావణ్య నా వైపు తిరిగింది. గట్టిగా కూడా అడగలేదు. "ఉమా, గీ ముచ్చట నీకు ముందే ఎర్కనా?" అంది. నేను తెలియదన్నాను.

అప్పుడు నువ్వు నన్నే చూస్తున్నావు. నా పెదాలు నీకు కనపడ్డాయో లేదో, అందుకని నేనే చెప్తున్నాను. తెలియదన్నాను. తను నా చెయ్యి పట్టుకుని "నువ్వన్న చెప్పేటిదానివి అనుకున్న, నీక్కూడ చెప్పలేదన్నమాట" అని, పైగా నన్నే ఓదార్చింది. ఆ మాట వినడం ఎంత కష్టమో నీకు తెలియదు.

ఇప్పుడు ఆఫీసులో రోజుకు నాలుగు మీటింగులు. ఈ ప్రయాణం ఎవరి ఆలోచన అని అడుగుతున్నారు. కాళ్ళ కిందికి నీళ్ళొచ్చాయి. నీ మేలు మరవను గానీ, కొన్నాళ్ళు ఉత్తరాలు వద్దు.

ఉమాశ్రీ

---

ఊటమెట్ట,
5 డిసెంబరు 2024

ఉమకు,

ఉత్తరాలు వద్దన్నావు. ఇది ఒక్కటీ రాసి ఊరుకుంటాను.

నేను పొరపడ్డాను. నువ్వు పూర్తిగా చదివి ఒప్పుకున్నావనుకున్నాను. పోస్టాఫీసులో పనిచేసిన రోజుల్లో, చిరునామా వరకు చదివి ఉత్తరం మొత్తం చదివినట్టు మాట్లాడేది మేమే, జనం కాదు. కాలం మారిందని నాకు తట్టలేదు. మీ శేఖర్ గారిని అలా దించినందుకు ఊరి పెద్దల ముందు క్షమాపణ చెప్పుకున్నాను. ఒప్పుదల లేకుండా మనిషిని దించడం ఇక్కడ ఇదే మొదటిసారట.

ఆయన మంచివాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు. మా తపాలా శాఖవాళ్ళు మళ్ళీ ఎప్పుడు శిబిరం పెడతారని అడిగాడు.

నీ సంగతికి వస్తాను. నాకు వినపడదు గానీ కనపడుతుంది. నువ్వు తెలియదనడం చూశాను. నీ ఉత్తరం అప్పుడు నా కొంగున ముడి వేసి ఉంది. నోరు తెరవబోయి ఊరుకున్నాను. గట్టు మీద కూర్చున్న మనిషి ఒక పక్షం పట్టకూడదు, నేను పట్టాను. మేనకోడలివి అని పట్టాను. ఇక నన్ను అక్కడ కూర్చోవద్దని ఎవరూ అనలేదు గానీ, నేనే మానేశాను. ఊళ్ళో ఇంకో పెద్దావిడ, నర్సమ్మ, కూర్చుంటోంది.

నాకు నీ మీద కోపం లేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డావు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పిల్ల నిన్ను ఓదార్చిందని రాశావు చూడు, అక్కడ నాకు బాధేసింది. నీ అబద్ధానికి ఆ అమ్మాయి జాలిపడుతోంది. నీ దగ్గర లేని మంచితనం నీకు అంటగట్టి నిన్ను నమ్ముతోంది. ఆ భారం ఎన్నాళ్ళు మోస్తావే?

చిన్నుకు ముద్దులు.

అత్తయ్య

---

(పోస్టుకార్డు)

ఊటమెట్ట,
7 జనవరి 2025

ఉమా, జనవరి వచ్చింది. నీ ఉద్యోగం ఉందా, పోయిందా? అన్నయ్యను అడిగితే "ఉమకు ప్రమోషనట, ఎందుకో తెలియదు" అని రాశాడు. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. నువ్వే రాయి. రెండు ముక్కలు చాలు.

అత్తయ్య

---

నల్లగండ్ల,
19 జనవరి 2025, ఆదివారం

అత్తయ్యా,

నాన్న రాసింది నిజమే. వరసగా చెప్తాను.

శేఖర్ గారిని డిసెంబరులో పంపేశారు. కారణం గోప్యత పాటించలేదని. వీడ్కోలు కేకు నేనే తెప్పించాను. మా అంతస్తు ఊడ్చే ఎల్లమ్మ ఆ కేకు ముక్క తింటూ, "నీళ్లల్ల కూసోని నిజం జెప్పిండట గదమ్మా. గింత అమాయకుడు పెద్ద సార్ ఎట్లయిండు?" అంది.

పదకొండు మందీ వెళ్ళిపోయారు. కానీ నెలన్నర ముందే తెలిసింది కనుక ఎక్కువమంది అప్పటికే వేరే చోట చూసుకున్నారు. లావణ్య బాచుపల్లి ఇంటికి సంతకం పెట్టబోయి ఆగింది. ఆ ఒక్కటీ శేఖర్ గారి పుణ్యం, నీ పుణ్యం. నాది లేదు.

తర్వాత అందరినీ పెద్ద హాల్లో సమావేశపరిచారు. అమెరికా నుంచి ఒకావిడ తెర మీదకు వచ్చి, ఎంత ఒత్తిడి ఉన్నా కంపెనీ రహస్యం కాపాడినందుకు నన్ను మెచ్చుకుంది. నేను నీళ్ళలో ఏమన్నానో ఆవిడదాకా ఎలా చేరిందో తెలియదు. మిగిలినవాళ్ళు చప్పట్లు కొట్టారు, కానీ ఎందుకు కొడుతున్నారో వాళ్ళకు చెప్పలేదు, ఒక మంచి విలువ చూపించానని మాత్రం చెప్పారు. శేఖర్ గారి గది నాకిచ్చారు. కిటికీలోంచి కోకాపేట టవర్లు కనిపిస్తాయి. ఆయన అంతసేపు అటే ఎందుకు చూసేవారో ఇప్పుడు తెలుస్తోంది. లోపలికి చూస్తే మనుషులుంటారు.

నా మొదటి పని ఏమిటో తెలుసా? మార్చిలో ఇంకో ప్రయాణం. ఈసారి చన్నీళ్ళట.

శుక్రవారం ఒక ఫోను వచ్చింది. లావణ్యకు కోకాపేటలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చిందని, పాత ఆఫీసు నుంచి ఒక మాట కావాలని. ఫోను చేసిన అమ్మాయి గొంతు చాలా మర్యాదగా ఉంది. "లావణ్య గారు నమ్మదగిన మనిషేనాండీ?" అని అడిగింది. ఆ కుర్చీలో కూర్చుని, గోడ మీద నాకిచ్చిన ప్రశంసాపత్రం ఎదురుగా ఉండగా, అవునండీ, చాలా నమ్మదగిన మనిషి అన్నాను. ఇంతవరకు ఆ గదిలో నేను చెప్పిన నిజం అదొక్కటే. ఫోను పెట్టేశాక మళ్ళీ పని చేయలేకపోయాను.

ఇవాళ పొద్దున్న లావణ్య మా ఇంటికి వచ్చింది. ఉద్యోగం వచ్చిందని వాళ్ళమ్మ కరీంనగర్ నుంచి మలీద ముద్దలు చేసి పంపిందట, రొట్టె నలిపి బెల్లం నెయ్యి కలిపి చేసేవి. స్టీలు డబ్బా నిండా తెచ్చింది. చిన్నుకు తర్వాత పెడదామని నన్ను ముందు నోరు తెరవమంది.

"ఆఫీసుల అందరూ అన్నీ తెల్సి తెల్వనట్టే ఉన్నరు. నువ్వొక్కదానివే మాలెక్క ఏం ఎర్కలేకుంట ఆ నీళ్లల్ల కూసున్నవ్. గందుకే ముందుగాల నీకే తెచ్చిన" అని తన చేత్తో పెద్ద ముద్ద నా నోట్లో పెట్టింది.

నోటి నిండా అది ఉండగానే చెప్పేశాను అత్తయ్యా. ఆగితే మళ్ళీ చెప్పనని నాకు తెలుసు. "లావణ్యా, నాకు తెలుసు. నవంబరు మొదట్లోనే తెలుసు. నీ పేరు ఉందని కూడా తెలుసు" అన్నాను. సరిగ్గా పలకలేదు, కానీ తనకు అర్థమైంది.

తను అరుస్తుందనుకున్నాను. ఉద్యోగం కోసం కదా, పోనీలే అంటుందని కూడా ఓ మూల ఆశపడ్డాను. నా మొహంలోకి కాసేపు చూసింది, కొత్త మనిషిని చూసినట్టు. చిన్ను బొమ్మ సోఫా మీద ఉంటే దాన్ని పక్కకు తీసి కూర్చోబోయి, కూర్చోలేదు. బల్ల మీద డబ్బాకు మూత పెట్టింది. మూత ఒక పక్క సరిగ్గా పడకపోతే మళ్ళీ తీసి సరిగ్గా పెట్టింది. డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ తలుపు మెల్లగా వేసింది. గట్టిగా వేసినా బాగుండేది.

నేను అక్కడే నిలబడిపోయాను. నోట్లో ముద్ద అలాగే ఉంది. మింగడానికి మనసొప్పలేదు, ఉమ్మేయడానికీ ఒప్పలేదు. తేజ లోపలి నుంచి వచ్చి నా బుగ్గ చూసి, "ఏంటి తింటున్నావ్? నాకేదీ?" అన్నాడు.

ఉమ